బొమ్మల అలమరా పాప కాలేజీకి అక్కరకొస్తుందా?

ప్రశ్న: టోక్యో నిషికసాయ్‌లో ఉంటాం. ఐటీ ఉద్యోగం, వయసు 42. ఎనిమిదేళ్లుగా 1970ల నాటి జపాన్ సూపర్‌హీరో బొమ్మలు కొంటున్నాను. ఇప్పటికి 28 లక్షల యెన్లు పెట్టాను. పాత బొమ్మల షాపులుండే నకానో బ్రాడ్‌వేలో ఒక జంబో మషిండర్ (పెద్ద సైజు ప్లాస్టిక్ రోబో బొమ్మ), పెట్టెతో సహా 4 లక్షలకు ఉంది. ఏడాదిపాటు నీసాలో (లాభం మీద పన్ను లేని జపాన్ పెట్టుబడి ఖాతా) డబ్బు వేయడం ఆపేసి దాన్ని కొందామనుకుంటున్నా. పాప ఆరో తరగతి. కాలేజీకి వచ్చేసరికి బొమ్మలు అమ్మేస్తే ఫీజులకు సరిపోతుందని నా లెక్క. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. నెల ఖర్చు 3 లక్షలు, అత్యవసరానికి 6 లక్షలు ఉన్నాయి.

జవాబు: నా ఓటు మీ ఆవిడకే. అలాగని మీ సరదాను తప్పుపట్టను. పోపీ కంపెనీ 1974లో తెచ్చిన చోగోకిన్ మజింగర్ జెడ్‌ను, అంటే ఆ పేరు రోబో లోహపు బొమ్మను, నేనూ ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో పట్టేంత బొమ్మే, కానీ తూకం రాయిలా బరువు. పిడికిలి స్ప్రింగుతో టప్పున ఎగిరిపోతుంది. అప్పటి పిల్లలు ఆ పిడికిళ్లను ఏ మంచం కిందో పోగొట్టుకున్నారు కాబట్టే, అన్నీ ఉండి పెట్టె కూడా ఉన్నదానికి ఇప్పుడు అంత ధర.

అయితే షాపు అద్దాల బీరువాలో అతికించిన ధర మీది కాదు, షాపు వాళ్లది. అద్దె, లాభం అన్నీ అందులోనే ఉంటాయి. ఈ శనివారం మీ బొమ్మల్లో మూడింటిని, మీకు బాగా ఇష్టమైనదాన్ని కూడా కలిపి, పాతవి కొనే కౌంటర్‌కు తీసుకెళ్లండి. అమ్మొద్దు, ఎంతిస్తారో అడగండి చాలు. ఆ అంకెను కొన్న ధర పక్కన రాసుకోండి. 28 లక్షల లెక్క అక్కడే తేలుతుంది.

ఇంకో సంగతి. 1974లో ఆరేళ్ల పిల్లాడు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాడు. ఈ బొమ్మలకు గట్టిగా డబ్బు పెట్టేది ఎక్కువగా ఆ వయసువాళ్లే. మీ పాప కాలేజీలో చేరే సమయానికి వాళ్లూ అలమరాలు ఖాళీ చేయడం మొదలుపెడితే? అమ్మేవాళ్లు పెరిగి కొనేవాళ్లు తగ్గుతారు. జరిగి తీరుతుందని అనను, కానీ ఫీజు డబ్బును దాని మీద వదలను. పైగా సోఫుబి మెత్తటి వినైల్ బొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే జిగురుపట్టి రంగు అంటుకుంటుంది. టోక్యో వేసవిలో అలమరా ఓసారి తెరిచి చూసుకోండి.

నీసా ఆపొద్దు. ఏడాదికి 36 లక్షల దాకా పెట్టొచ్చు, వాడుకోని ఏడాది కోటా వచ్చే ఏడాదికి కలవదు. మామూలు ఖాతాలో లాభం మీద 20.315 శాతం పన్ను పోతుంది, ఇక్కడ అది లేదు. దానికన్నా ముందు ఆ 6 లక్షల సంగతి చూడండి. అది రెండు నెలల ఖర్చే. ఉద్యోగ వీసా మీద ఉండి, ఉద్యోగం పోయి 3 నెలలు ఖాళీగా ఉంటే వీసాకే ఎసరు రావచ్చు. అందుకే ఆ అత్యవసర డబ్బు ఆరు నెలల ఖర్చుకు, అంటే 18 లక్షలు అయ్యేదాకా కొత్త బొమ్మ వద్దు.

మషిండర్ మీద మనసు పోవడం లేదంటే, అలమరాలో ఉన్నవాటిలో కొన్ని అమ్మి ఆ డబ్బుతో కొనండి. జీతం డబ్బు ముట్టుకోవద్దు. లాభం కోసం తరచూ అమ్మడం మొదలైతే పన్ను సంగతి ముందే ఒక జేరిషిని (పన్ను సలహాదారుని) అడగండి. కౌంటర్‌లో ఆ మూడింటికి ఎంత చెప్పారో మళ్లీ రాయండి, పాప ఫీజు లెక్క అప్పుడు వేద్దాం.