బేబీ సన్ రోజ్‌కు ఎండ దెబ్బ కాదు, నీటి దెబ్బ

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. కొబ్బరి తోటతో పాటు పెరట్లో చిన్న నర్సరీ నడుపుకుంటున్నాను. బంతి, చామంతి, మందార అమ్ముతాను. ఈ మార్చిలో ఒక కొత్త మొక్క 60 కవర్లు తెచ్చాను. నేలకు అతుక్కుని పాకుతుంది. ఆకు మందంగా, నీరు నిండినట్టు ఉంటుంది. మధ్యలో ఆకుపచ్చ, అంచు మీగడ రంగు. చిన్న ఎర్రటి పువ్వు పూస్తుంది. బేబీ సన్ రోజ్ అనీ, ఎండకు తట్టుకుంటుందనీ చెప్పి ఇచ్చారు. మే నెల దాకా చక్కగా పాకింది. జూలైలో 22 కవర్లు మొదలు దగ్గర మెత్తబడి పోయాయి. ఎండ ఎక్కువైందేమో అని వాన లేని రోజు రెండు పూటలా నీళ్లు పెట్టాను. కొబ్బరి పొట్టు, మట్టి సగం సగం కలిపి వాడాను. మిగిలిన మొక్కల్లో కొన్నింటికి అంచు లేని పచ్చ ఆకులే వస్తున్నాయి. ఆకుల మీద నల్లటి మసి కూడా పడుతోంది. వీటిని కొబ్బరి చెట్ల కింద నేలంతా పరిచేలా నాటవచ్చా? మేకలు తింటే ప్రమాదమా?
– ఒక మహిళా రైతు

సమాధానం: అమ్మా, ముందు ఆ రెండు పూటల నీళ్లు ఈ రోజే ఆపేయండి. మిగతా మాటలు తర్వాత చెప్పుకుందాం.

మీ మొక్కలు ఎండకు పోలేదు. ఎండ దెబ్బ తగిలితే ఆకు అంచు కాలినట్టయి ఎండుతుంది, కాండం మాత్రం గట్టిగానే ఉంటుంది. మీరు రాసినట్టు మొదలు మెత్తబడిందంటే అది వేరుకుళ్లు, మొదలుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా వంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉండేవే. నీరు నిలిచి వేళ్లకు గాలి అందకపోతే అవి చెలరేగుతాయి. ఇక్కడ మనల్ని మోసం చేసే సంగతి ఒకటుంది. నీరు చాలని మొక్క వాడిపోతుంది, వేరు కుళ్లిన మొక్క కూడా అచ్చం అలాగే వాడిపోతుంది. వేరు చచ్చాక కింద ఎంత నీరున్నా పైకి ఎక్కదు కదా. అది చూసి దాహమేస్తోందనుకుని ఇంకో చెంబు పోస్తాం. మా డాబా మీద మొదటి వానాకాలంలో నేనూ ఇలాగే ఒక కుండీ మొత్తం పోగొట్టుకున్నాను. అందుకే మీ బాధ నాకు తెలుసు. అప్పటి నుంచి వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి చూస్తున్నాను. ఆ లోతులో పొడిగా తగిలితేనే నీళ్లు. వానాకాలంలో ఒక్కోసారి వారం పది రోజులైనా పోయాల్సిన పని ఉండదు.

ఈ మొక్క స్వభావం తెలిస్తే కారణం ఇంకా బాగా అర్థమవుతుంది. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా. శాస్త్రీయనామం మెసెంబ్రియాంథిమం కార్డిఫోలియం. పాత పుస్తకాల్లో ఆప్టీనియా కార్డిఫోలియా అని ఉంటుంది. కార్డిఫోలియా అంటే గుండె ఆకారపు ఆకు కలది. మన తిప్పతీగ పేరు చివర ఉన్నదీ ఆ మాటే. ఇక వంశం చూస్తే, చేలల్లో మనం కలుపుగా పీకేసే గలిజేరు, అదే మేం ట్రయాంథిమా అని పిలిచేది, దీనికి దగ్గరి చుట్టం. మీ సముద్రపు ఒడ్డున ఇసుకలో పాకే వంగరెడ్డి కూరదీ ఇదే కుటుంబం. ఆ రెండింటినీ చూస్తూ పెరిగినవారు కాబట్టి దీని నడక మీకు కొత్త కాదు. జానెడు ఎత్తు దాటదు, పక్కలకు పాకుతుంది, కణుపు నేలకు తగిలిన చోట వేరు వేస్తుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆకుల్లో, కాండంలో నీరు దాచుకుంటుంది. ఎద్దడి వస్తే పగలు ఆకు రంధ్రాలు బిగించి, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకునే పద్ధతికి మారగలదు. ఇంత పొదుపుగా బతికే మొక్కకు ఏటా 1000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే మన ప్రాంతమే పెద్ద పరీక్ష. దాని మీద మనం రోజూ నీళ్లు పోస్తే తట్టుకోలేదు.

మీరు కలిపిన మట్టిలోనూ లోపం ఉంది. ఉద్దానంలో పీచు మిల్లుల దగ్గర పొట్టు గుట్టలుగా దొరుకుతుంది కాబట్టి అందరూ అదే వాడుతున్నారు. బంతి నారుకు, మిరప నారుకు అది మేలే. కానీ కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. పైగా కడగని పచ్చి పొట్టులో ఉప్పు, టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. ఈ మొక్కకు పొట్టు మానేయండి. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఏటి ఇసుక ఒక పాలు, గోళీకాయంత ఇటుక ముక్కలు ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అర పాలు కలపండి. ఇసుక ఏటిదే కావాలి. ఊరి పక్కనే ఉంది కదా అని సముద్రపు ఇసుక తేవద్దు, అందులో ఉప్పుంటుంది. కలిపిన మట్టిని గుప్పిట్లో పట్టి పిసికి వదిలితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి, అదే కొలత. కవర్లకు అడుగున, పక్కన కలిపి కనీసం ఆరేడు చిల్లులు ఉండాలి. కవర్లను నేల మీద కాకుండా ఇటుకల మీదో, వెదురు తడక మీదో పెట్టండి. వాన ముసురు పట్టిన రోజుల్లో పైన పాలిథిన్ కప్పి, పక్కలు తెరిచి ఉంచండి. గాలి ఆడడం ముఖ్యం.

కుళ్లు మొదలైన కవర్లలో ఇంకా దక్కేవి ఉంటాయి. మొదలు పోయినా కొస బాగుంటే, మెత్తదనం లేని చోట రెండు మూడు అంగుళాల ముక్క కోయండి. కోత లోపల గోధుమ రంగు కనిపిస్తే ఇంకా పైకి కోయండి. కింది రెండు జతల ఆకులు తీసేసి, ముక్కల్ని నీడలో ఒక రోజు ఆరనివ్వండి. కోసిన గాయం ఎండాకే నాటాలి. పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే మళ్లీ అదే కుళ్లు. పై మట్టి మిశ్రమంలోనే నాటి, కొద్దిగా చెమ్మ ఉండేలా చూస్తే రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. బాగున్న కవర్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే కుళ్లు మందు కలిపి మొదళ్లు తడిసేలా ఒకసారి పోయండి. కుళ్లిన కవర్ల మట్టిని మళ్లీ వాడవద్దు. ఇకపై వాడే ఎరువులో కిలోకు 20 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలిపి, తడిపి, వారం పాటు నీడలో గోనె కప్పి ఉంచండి. అయితే మందు పోసిన కవర్లకు వెంటనే ఈ ఎరువు వేయకండి, రెండు వారాలు ఆగండి. యూరియా దీని దగ్గరికి రానివ్వకండి. నత్రజని ఎక్కువైతే కాండం లేతగా, నీరు పట్టి పెరుగుతుంది, అలాంటి కాండమే ముందు కుళ్లుతుంది.

ఇక పచ్చ ఆకుల సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే, ఎందుకంటే కొనేవాళ్లు ఆ మీగడ అంచు చూసే కదా కొంటారు. మామూలు బేబీ సన్ రోజ్ ఆకు పూర్తి పచ్చగా ఉంటుంది. మీ దగ్గరున్నది వేరిగేటెడ్, అంటే రెండు రంగుల ఆకుల రకం. కొమ్మ కొసలో కొత్త ఆకుల్ని తయారుచేసే కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. వాటిలో ఒక పొర పత్రహరితం తయారుచేసే శక్తిని పోగొట్టుకుంది. ఆ పొర నుంచి వచ్చిన భాగమే ఆకు అంచున తెల్లగా కనిపిస్తోంది. ఆ తెల్ల భాగం ఎండను పట్టి పిండిపదార్థం తయారుచేయలేదు, మధ్యలోని పచ్చ భాగం వండినదే తిని బతుకుతుంది. అందుకే ఈ రకం పచ్చ రకం కంటే నెమ్మదిగా పెరుగుతుంది. అప్పుడప్పుడు ఒక కొమ్మలో పొరలు తారుమారై పూర్తి పచ్చ ఆకులు వస్తాయి. ఆ కొమ్మకు బలం ఎక్కువ, పరుగు ఎక్కువ. వదిలేస్తే ఒకటి రెండు సీజన్లలో కవరంతా అదే కమ్మేసి, అంచున్న కొమ్మల్ని కిందికి తొక్కేస్తుంది.

కాబట్టి పచ్చ కొమ్మ కనిపించిన రోజే, అది ఏ కణుపు దగ్గర పుట్టిందో అక్కడి దాకా వెళ్లి తుంచేయండి. పైపైన గిల్లితే ఆ మోడు నుంచి మళ్లీ పచ్చవే వస్తాయి. దీనికి విరుద్ధంగా పూర్తి తెల్ల కొమ్మలు కూడా రావచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ ఆ ముక్క నాటితే సొంతంగా బతకదు, పత్రహరితం లేదు కదా. ముక్కల కోసం మధ్యలో పచ్చ, చుట్టూ మీగడ రంగు సమంగా ఉన్న కొమ్మల్నే ఎంచండి. విత్తనంతో వచ్చే మొక్కల్లో ఆ అంచు వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. మీ దగ్గర మిగిలిన 38 కవర్లలో అంచు అన్నిటికంటే శుభ్రంగా ఉన్న ఆరేడింటిని తల్లి మొక్కలుగా పక్కన పెట్టండి. వాటిని ఎవరు అడిగినా అమ్మకండి.

ఆకుల మీద మసి మొక్క జబ్బు కాదు. తల ఎత్తి మీ కొబ్బరి మట్టల అడుగు భాగం చూడండి. తెల్లటి మైనం పొడితో సుడులు సుడులుగా గుడ్లు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. అది విసర్జించే తీపి జిగురు కింద ఉన్న మొక్కల మీద పడుతుంది, ఆ జిగురు మీద మసి బూజు పెరుగుతుంది. కవర్ల ఆకుల్ని ఒకసారి పొద్దున్నే మంచి నీటితో కడిగి, ఎండకు ఆరేలా పెట్టి, అక్కడి నుంచి వాటిని కొబ్బరి నీడ బయటికి మార్చండి. ఆకు సందుల్లో తెల్లటి దూది లాంటిది కనిపిస్తే మాత్రం అది పిండినల్లి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. నత్తలు కనిపిస్తే చీకటి పడ్డాక ఏరేస్తే చాలు.

ఎండ విషయంలో మీకు చెప్పినది పూర్తి అబద్ధం కాదు. ఈ మొక్కకు ఎండ కావాలి. లేకపోతే కణుపుల మధ్య సాగిపోతుంది, పువ్వు విప్పదు. కాకపోతే తెల్ల అంచుకు రక్షణ తక్కువ, రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నపు ఎండకు అది మాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పది పదకొండు గంటల దాకా ఎండ, ఆ తర్వాత 50 శాతం షేడ్ నెట్ ఉంటే బాగుంటుంది. మిగతా కాలంలో నెట్ తీసేయండి.

కొబ్బరి చెట్ల కింద పరచడం వద్దమ్మా. పాదుల్లో నీరు పెడతారు, ఎరువు వేస్తారు, కాయ దింపేటప్పుడు మనుషులు తొక్కుతారు. ఈ కాండం కాలి కింద పడితే చితికిపోతుంది. పైగా జిగురు సమస్య ఎలాగూ ఉంది. పాదుల్లో జనుము, పిల్లిపెసర చల్లుకుంటే చెట్టుకు బలం. దీన్ని వేలాడే కుండీల్లో, గోడ అంచు తొట్లలో, రాతి గట్ల మీద అడుగు దూరంలో నాటితే అందంగా జారుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. పచ్చ రకం కొన్ని దేశాల సముద్ర తీరాల్లో తోటలు దాటి వెళ్లి స్థానిక మొక్కల్ని కప్పేసింది. మీది ఇసుక తీరం. కత్తిరించిన కొమ్మల్ని, ముఖ్యంగా ఆ పచ్చ కొమ్మల్ని, ఒడ్డునో గెడ్డ (వాగు) పక్కనో పారేయకండి. ఎండలో బాగా ఎండబెట్టి గోతిలో పూడ్చండి.

అమ్మకానికి మొక్కలు పెంచడం ఇప్పుడే మొదలుపెట్టకండి. తుపాన్ల భయం తగ్గే నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర దీనికి మంచి కాలం. పొడి గాలి, చల్లటి రాత్రులు ఉంటాయి, మంచు గడ్డకట్టే చలి ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఏం చేసిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. అందుకే తల్లి మొక్కల్ని రెండు చోట్ల ఉంచండి, సగం మీ ఇంట్లో, సగం పక్కింటివాళ్ల వసారాలో. ఒక్కో తల్లి మొక్క నుంచి నెలకు నాలుగైదు ముక్కలకు మించి కోయకండి. తొలి ఏడాది వంద కవర్ల లోపు పెంచి మీ చుట్టుపక్కల ఎంత పోతుందో చూడండి. ఇలాంటి మొక్క ముక్క పెడితే వస్తుంది. కొన్నవాళ్లు రెండో ఏడాదికి తామే పెంచుకుంటారు, కాబట్టి అప్పు చేసి వందల కవర్లు పెట్టేంత సరుకు కాదిది. మీ బంతి, చామంతి పక్కన ఇంకో వరుసగా ఉంటే చాలు.

మేకల సంగతి అడిగారు. మేత కోసం వేయకండి, పాయల కూరలా ఉంది కదా అని ఇంట్లో వండుకోకండి కూడా. ఇక మేకలు కవర్ల దాకా వస్తే మిగిలేది ఏమీ ఉండదు. కంచె ఒక మూరెడు ఎత్తు పెంచండి.