వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో ఉంది?

ప్రశ్న: నారాయణపేటలో మాకు చీరల దుకాణం ఉంది. వెబ్‌సైట్ కోసం ఊరి పేరు, ‘చేనేత’ అనే మాట కలిపి డాట్ కామ్‌లో డొమైన్ (సైట్ చిరునామా) తీసుకోవాలని అనుకుంటున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: రెండు మాటల్లోనూ చిక్కుంది. ‘చేనేత’ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు, ‘నే’కు రెండు ‘ఇ’లు రాసేవాళ్లు ఇంకొందరు. నారాయణపేటకు జిల్లా ప్రభుత్వ సైట్‌లో చివర ‘ఎ’ లేదు, పలికినట్టు రాస్తే వచ్చి చేరుతుంది. మూడు రెళ్లు ఆరు. అందులో ఒక్కటే మీది. పేరు ఖాయం చేసే ముందు ఐదుగురికి ఫోన్‌లో చెప్పి, విన్నది వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనండి. నలుగురైనా ఒకేలా రాయకపోతే ఆ పేరు వదిలేయండి.

పైగా నారాయణపేట చేనేత చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊరి పేరు ఏ ఒక్క దుకాణం సొంతమూ కాదు. మీ బోర్డు మీదున్న పేరుకు ‘శారీస్’ చేర్చుకోవడం మేలు. (దాన్నీ రెండు రకాలుగా రాస్తారు లెండి. వీలైతే రెండూ తీసుకుని, ఒకటి రెండోదానికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టండి.) ముందుగా కేంద్ర ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో 24, 25 తరగతుల్లో ఆ పేరు వెతకండి. బట్టలకు సంబంధించినవి అవే.

చుక్కకు ముందున్న భాగం 63 అక్షరాల వరకూ ఉండొచ్చు, కానీ 15 దాటితే విజిటింగ్ కార్డు మీద ఇరుకవుతుంది. హైఫన్ వద్దు. ప్రతి ఫోన్‌లోనూ ‘మధ్యలో గీత ఉంటుందండీ’ అని చెప్పాలి, మరిచిపోయారో ఆ కస్టమర్ వేరేవాళ్ల సైట్‌కు పోతారు. కొన్నాక స్పెల్లింగ్ దిద్దే వీలు లేదు, మళ్లీ కొత్తది కొనాల్సిందే.

అసలు డొమైన్ కొనడం కాదు, కౌలుకు తీసుకోవడం. ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టొచ్చు. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర ఎంతో చూడండి. దానిమీద 18 శాతం జీఎస్టీ పడుతుంది.

ప్రశ్న: మిర్యాలగూడలో మా రైస్ మిల్లుకు నాలుగేళ్ల కింద సైట్ చేసినాయన డొమైన్ తన ఖాతాలోనే తీసుకున్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. గడువు రెండు నెలల్లో ముగుస్తుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: డబ్బు కట్టింది మీరే అయినా, రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) దగ్గర యజమానిగా ఎవరి వివరాలున్నాయో ఆయన మాటే చెల్లుతుంది. ముందు డొమైన్ వివరాలు చూపించే హూఈజ్‌లో చూసి రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఏ తేదీ అన్నది రాసుకోండి. యజమాని వివరాలు అక్కడ దాచి ఉండొచ్చు. సైట్ చేసినాయనకు కట్టిన రసీదులు, మీ మిల్లు జీఎస్టీ పత్రం జతచేసి రిజిస్ట్రార్‌కు రాయండి. యజమాని గడిలో మీ మిల్లు పేరే ఉంటే పని తేలిక. లేకపోతే ఆయన ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటే అదే రిజిస్ట్రార్ దగ్గర మీ ఖాతా తెరిచి, దాంట్లోకి మార్పించుకోండి. అదే తొందరగా అయ్యే దారి. వేరే రిజిస్ట్రార్‌కు పోవాలంటే ఆయన బదిలీ కాకుండా వేసిన లాక్ తీసి, బదిలీకి కావాల్సిన ఆథరైజేషన్ కోడ్ ఇవ్వాలి. డాట్ కామ్ అయితే ఐదారు రోజులు పట్టొచ్చు, గడువుకు ఒక ఏడాది కలుస్తుంది. మార్చే ముందు సైట్, మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే డీఎన్‌ఎస్ పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. అందులో మెయిల్‌కు దారి చూపే ఎమ్‌ఎక్స్ రికార్డు పోతే సైట్ కనిపిస్తూనే ఉంటుంది, మెయిళ్లు మాత్రం రావు. ఆర్డర్లు రావడం లేదేమిటని వారం తర్వాత గానీ తెలియదు.

ఒప్పుకోకుండా గడువు దాటితే, డాట్ కామ్ వెంటనే ఖాళీ కాదు. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకూ మామూలు ధరకే రెన్యువల్ దొరకొచ్చు. తర్వాత విడిపించుకోవడానికి ఇచ్చే 30 రోజుల రిడెంప్షన్‌లో అదనపు రుసుము ఉంటుంది, అదీ పాత యజమానికే. ఆపైన 5 రోజులకు పేరు విడుదలవుతుంది. ఆలోగా కొన్ని రిజిస్ట్రార్లు వేలం కూడా వేస్తాయి. కాబట్టి ‘పడిపోయాక పట్టుకుందాం’ అని కూర్చోవద్దు. మిల్లు పేరుకు ట్రేడ్‌మార్క్ ఉంటే డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కు ఐఎన్‌డీఆర్‌పీ అనే డొమైన్ వివాద పరిష్కార విధానాల కింద ఫిర్యాదు చేయొచ్చు. రెండూ ఖర్చుతో కూడినవే.

ప్రశ్న: వారం కింద డొమైన్ కొన్నాను, సైట్ బాగానే తెరుచుకుంది. నిన్నటి నుంచి కనిపించడం లేదు.
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ముందు స్పామ్ ఫోల్డర్ చూడండి. ఈమెయిల్ నిజమైనదేనా అని రిజిస్ట్రార్ పంపిన లింకును 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆగిపోతుంది. మీకు వారమే అయింది కాబట్టి సైట్ ఎక్కడుందో చెప్పే నేమ్‌సర్వర్లు ఎవరైనా మార్చారేమో కూడా చూడండి. మార్చి ఉంటే పాతవి తిరిగి పెట్టి, ఒకటి రెండు రోజులు ఆగండి.

ప్రశ్న: తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: డాట్ భారత్ తెలుగు లిపిలోనూ ఉంది. లోపల కంప్యూటర్ దాన్ని ‘ఎక్స్‌ఎన్’తో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల వరుసగా మార్చుకుంటుంది, కొన్ని చోట్ల లింకు అలాగే కనిపించి కస్టమర్లు భయపడతారు. దాంతో ఈమెయిల్ పెట్టుకుంటే కొన్ని సర్వర్లు తీసుకోవు. అందుకని అసలు చిరునామా, మెయిల్ డాట్ ఇన్‌లో ఉంచి, తెలుగు పేరు దానికి ఫార్వర్డ్ చేయండి. బోర్డు మీద తెలుగు పేరుతో పాటు క్యూఆర్ కోడ్ వేయిస్తే ఎవరూ టైప్ చేయనక్కర్లేదు.