నర్సు నైతికంగా ఆలోచిస్తే రోగికి అందే సేవ మెరుగవుతుందా?

అవుతుంది, అది చార్టులోనే కనిపిస్తుంది. భోజనానికి ముందు రెగ్యులర్ ఇన్సులిన్ 8 యూనిట్లు వేశారు, పేషెంటు తినలేదు అనుకోండి. కాసేపటికి చెమటలు, చేతుల వణుకు. రక్తంలో షుగర్ 58కి పడిపోయింది. మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంతవరకూ పనితనం. ఆ 58ని, ఇన్సులిన్ పడ్డాక పేషెంటు తినని సంగతిని రాసి డాక్టరుకు చెప్పడం నైతికత. మాట పడాల్సొస్తుందని దాచేస్తే రేపూ అదే జరుగుతుంది. కొలవకుండానే బీపీ 120/80 అని నింపేయడమూ ఈ జబ్బే.

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులకు తమిళం మాత్రమే వచ్చినవాళ్లూ వస్తారు. తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయిస్తే చికిత్సకు సమ్మతి అయిపోదు. ఏం చేస్తారో, ఏ ఇబ్బంది రావచ్చో ఆ రోగి చేత సొంత మాటల్లోనే చెప్పించుకోవాలి. చెప్పలేకపోతే డాక్టరును మళ్లీ పిలవాలి, ఆయన విసుక్కున్నా సరే.

జేమ్స్ రెస్ట్ అనే మనస్తత్వవేత్త నైతికంగా నడుచుకోవడాన్ని నాలుగుగా విడదీశాడు: సమస్యను పసిగట్టడం, ఏది సరైనదో తేల్చుకోవడం, దానికే ప్రాధాన్యమివ్వడం, చివరిదాకా నిలబడడం. నా లెక్కన మొదటి రెండూ శిక్షణతో వస్తాయి. మిగతా రెండిటికీ వార్డులో సరిపడా సిబ్బంది, తప్పు చెప్పినవాళ్లను తిట్టని ఇన్‌ఛార్జి సిస్టరు కావాలి.