పొడవు మారే బైట్లను విప్పేదెలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పని చేస్తున్నాను. మా తూకం యంత్రం సరుకు పేరును బైట్లుగా పంపుతుంది. పేరుకు ముందు 2 బైట్లలో దాని పొడవు ఉంటుంది, పెద్ద బైటు ముందు. బైట్లను సంఖ్యలుగా విప్పే పైథాన్ మాడ్యూల్ స్ట్రక్ట్‌తో ఎలా చదవాలండీ?
— ఒక పాఠకుడు

జవాబు: స్ట్రక్ట్‌కు కొలత ముందే చెప్పాలి, తనంతట అది కనుక్కోదు. అందుకే రెండు విడతలుగా చదవండి. మొదట అన్‌ప్యాక్‌_ఫ్రమ్‌తో ఆ 2 బైట్లే విప్పండి. ఫార్మాట్‌లో 'హెచ్' అక్షరం (H) ముందు పెద్దది గుర్తు (>) తప్పకుండా పెట్టండి. అది లేకపోతే పైథాన్ మీ కంప్యూటర్ పద్ధతినే పాటిస్తుంది. మామూలు ల్యాప్‌టాపుల్లో చిన్న బైటు ముందు కాబట్టి 18 కాస్తా 4608 అవుతుంది!

వచ్చిన సంఖ్య ఎంతో అన్ని బైట్లు కోసుకుని, ఆ తర్వాతే డీకోడ్ చేయండి, అంటే అక్షరాలుగా మార్చండి. ఆ పొడవు బైట్లదా, అక్షరాలదా అన్నది యంత్రం పత్రంలో చూడండి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'బియ్యం' 18 బైట్లు. పొడవు చెప్పే పైథాన్ లెన్ మాత్రం గుణింతం, వత్తు గుర్తులను కూడా విడిగా లెక్కపెట్టి 6 అంటుంది. మనవాళ్లు చిక్కుకునేది ఎక్కువగా ఇక్కడే.

తర్వాతి రికార్డు 2 + పొడవు బైట్లు దాటాక మొదలవుతుంది. సాకెట్ (నెట్వర్క్ కనెక్షన్) నుంచి చదువుతుంటే రిసీవ్ (recv) అడిగినన్ని బైట్లు ఒకేసారి ఇవ్వకపోవచ్చు. నిండేదాకా లూప్‌లో చదవండి.