న్యూయార్క్ 'డైలీ న్యూస్' చరిత్ర రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. న్యూయార్క్ 'డైలీ న్యూస్' చరిత్ర తెలుగులో రాయాలన్న నీ పూనిక నాకు బాగా నచ్చింది. అది టాబ్లాయిడ్ పేపరు. టాబ్లాయిడ్ అనగానే మనవాళ్ళలో కొందరికి మెయిన్ పేపరుతో కలిపి వేసే జిల్లా ఎడిషన్ గుర్తొస్తుంది, కొందరికి చౌకబారు రాతలు గుర్తొస్తాయి. మొదటిది కాగితం కొలత, రెండోది తిట్టు. కొలత కాస్తా తిట్టుగా ఎలా మారిందో, ఆ తిట్టుకు ఈ పేపరు ఎంతవరకు తగినదో చెప్పగలిగితే నీ పుస్తకం నిలబడుతుంది.

ఇక సరిచేయాల్సినవి చెబుతాను, నొచ్చుకోకు.

అధ్యాయాన్ని ఎరువుకుప్పతో మొదలుపెట్టావు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో ఓ పల్లెటూరి ఇంటి వెనక కుప్ప మీద కూర్చుని, జోసెఫ్ మెడిల్ ప్యాటర్సన్, రాబర్ట్ మెకార్మిక్ ఇద్దరూ న్యూయార్క్‌లో పేపరు పెట్టాలని తేల్చుకున్నారన్న కథ అది. కొట్టెయ్యమనను, చోటు మార్చు. ఆ మాటలు విన్నది వాళ్ళిద్దరే. తర్వాత పదేపదే చెప్పింది వాళ్ళ పేపర్లే. దాన్ని పుట్టుకకు సాక్ష్యంగా కాకుండా, పేపరు తన పుట్టుకను ఎలా చెప్పుకుందో చూపే చోట వాడుకో. అలాగే వాళ్ళను 'బావా బావమరుదులు' అని రాశావు. ఇంగ్లీషులో కజిన్ అంటే చాలు, మనకు చాలదు. ఇద్దరి తల్లులూ 'చికాగో ట్రిబ్యూన్' పత్రిక యజమాని జోసెఫ్ మెడిల్ కూతుళ్ళు. అంటే వీళ్ళు అక్కచెల్లెళ్ళ పిల్లలు, వరసకు అన్నదమ్ములు. ప్యాటర్సన్ పెద్దవాడు. వరస తప్పితే తెలుగు పాఠకుడు మొదటి పేజీలోనే నిన్ను నమ్మడం మానేస్తాడు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? 1919 జూన్ 26 నాటి సంచిక నుంచి. అంతకన్నా ముందు ఒక పని చెయ్యి. ఏదైనా పెద్ద పేపరులోంచి ఒక షీటు తీసుకుని నడిమి మడత దగ్గర మడిచి, పక్కకు తిప్పి పట్టుకో. చేతిలో ఉన్నది టాబ్లాయిడ్ పేజీ. అదే కాగితం, అదే మెషిన్, కాకపోతే పేజీ సగమై, పేజీల లెక్క రెట్టింపవుతుంది. ఇప్పుడు ఒక చెయ్యి పైకెత్తి ఏదైనా పట్టుకుని నిలబడి, రెండో చేత్తో చదవడానికి ప్రయత్నించు. న్యూయార్క్ సబ్‌వే 1904లో మొదలైంది. కిక్కిరిసిన పెట్టెలో నిలబడ్డవాడు పెద్ద పేపరు విప్పితే పక్కవాడి మొహానికి తగులుతుంది, ఇది తగలదు. పేజీ చిన్నదయ్యేసరికి మొదటి పేజీలో వార్తలకు చోటు పోయింది. ఒక శీర్షిక, ఒక ఫోటో పడితే నిండిపోతుంది. వార్తలు లోపలికి జరిగాయి. ఆ వృత్తిలోవాళ్ళు మొదటి పేజీ శీర్షికను ఇప్పటికీ 'వుడ్' అంటారు. అంత పెద్ద అక్షరాలను ఒకప్పుడు చెక్కతో చేసేవాళ్ళు గనక ఆ పేరు. ఈ పేపరు గుణాలూ దోషాలూ చాలావరకు ఆ మడతలోంచే పుట్టాయి. నీ మొదటి అధ్యాయంలో అదే ఉండాలి.

పూర్వచరిత్రకు రెండు పేజీలు మించనివ్వకు. టాబ్లాయిడ్ అన్న మాట 1884లో బరోస్ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ తన మాత్రలకు పెట్టుకున్న ట్రేడ్‌మార్క్. కుదించిన దేనికైనా ఆ పేరు వాడుకలోకి వచ్చింది. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ హామ్స్‌వర్త్ 1903లో ఆడవాళ్ళ కోసం 'డైలీ మిర్రర్' పెట్టి దెబ్బతిని, మరుసటి ఏడాది దాన్ని ఫోటోల పేపరుగా మార్చి గట్టెక్కాడు. లార్డ్ నార్త్‌క్లిఫ్ అన్నా ఆయనే. నీ అధ్యాయంలో ఇద్దరు మనుషులుగా కనిపిస్తున్నాడు, చూసుకో. యుద్ధకాలంలో ప్యాటర్సన్ ఆయన్ను లండన్‌లో కలిశాడు. ఈ విషయం ఇంతకు మించి సాగదీయకు.

నువ్వు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నావు, రైలెక్కితే న్యూయార్క్. ఫిఫ్త్ ఎవెన్యూ, 42వ వీధి మూల మీదున్న పబ్లిక్ లైబ్రరీలో పాత పేపర్ల మైక్రోఫిల్మ్, అంటే పేజీలను చిన్నగా ఫోటో తీసిన ఫిల్మ్ రీళ్ళు, చూడొచ్చు. వెదికేటప్పుడు పేరు జాగ్రత్త. మొదటి నెలల్లో ఇది 'ఇలస్ట్రేటెడ్ డైలీ న్యూస్'. లాస్ ఏంజెలెస్‌లో 1923లో అదే పేరుతో ఇంకో పేపరు వచ్చింది. 'చికాగో డైలీ న్యూస్' మరొకటి. కేటలాగులో మూడూ కలగలిసి కనిపిస్తాయి. ఊరు పేరు చూడకుండా నోట్సు రాసుకుంటే ఆరు నెలల తర్వాత ఏది ఏ పేపరుదో తేలదు.

రీలు చేతికి రాగానే అందరూ చేసే తప్పు, పేరుమోసిన రోజుల దగ్గరికే పరిగెత్తడం. నువ్వు మామూలు రోజులు చూడు. ప్రతి అయిదో ఏడూ అక్టోబరు మూడో వారం తీసుకుని, అందులో ఒక బుధవారం, ఒక ఆదివారం చదువు. సంచికకు నలభై నిమిషాలు పెట్టుకో. ధర, పేజీలు, ఫోటోలు, ప్రకటనలు ఆక్రమించిన చోటు, కామిక్స్, ఆటల పేజీలు, పాఠకుల ఉత్తరాలు, మొదటి పేజీలో ఏముంది, ఏ ఎడిషన్: ఈ తొమ్మిదీ ఒకే పట్టికలో రాయి. ఎడిషన్ గడి మాత్రం ఖాళీగా వదలకు. మన దగ్గర డాక్ ఎడిషన్‌కూ సిటీ ఎడిషన్‌కూ మొదటి పేజీ మారినట్టే అక్కడా మారుతుంది. రేపటి తేదీ వేసిన తొలి ఎడిషన్ ముందురోజు సాయంత్రమే వీధిలోకి వచ్చేది. లైబ్రరీ ఫిల్మ్‌లో సాధారణంగా ఒక ఎడిషనే ఉంటుంది. 'ఆ రోజు నగరమంతా ఈ శీర్షిక చదివింది' అని రాసేముందు ఇది గుర్తు తెచ్చుకో.

ఇంకో చిక్కు. ఫోటోల పేపరును మైక్రోఫిల్మ్‌లో చూసి ఫోటోల గురించి రాయకూడదు. న్యూస్‌ప్రింట్ మీద ఫోటో అంటే అంగుళానికి సుమారు 65 వరసల చుక్కలు. నలుపు తెలుపులను మరీ ఎక్కువ చేసే ఫిల్మ్‌లో ఆ చుక్కలు కలిసిపోయి మొహాలు మసిబొగ్గవుతాయి. నీ అధ్యాయంలో 'అస్పష్టమైన ఫోటోలు' అన్నావు. ఆ అస్పష్టత పేపరుది కాదు, ఫిల్మ్‌ది. అసలు కాగితపు సంచిక ఒకటైనా సంపాదించి చూడు.

ఇప్పుడు రూత్ స్నైడర్ ఫోటో. 1928 జనవరి 12 రాత్రి, న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న సింగ్ సింగ్ జైల్లో, భర్తను చంపిన నేరానికి ఆమెను విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టారు. కెమెరాలకు అనుమతి లేదు. 'న్యూస్' తన సోదర పత్రిక 'ట్రిబ్యూన్' ఉన్న చికాగో నుంచి టామ్ హవర్డ్ అనే ఫోటోగ్రాఫర్‌ను రప్పించింది. జైలువాళ్ళకు న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ల మొహాలు తెలుసు, ఇతని మొహం తెలియదు. చీలమండకు చిన్న ప్లేట్ కెమెరా కట్టుకున్నాడు, మీటకు కట్టిన కేబుల్ ప్యాంటు లోపలినుంచి పైకి వస్తుంది. సమయానికి ప్యాంటు అంచు కాస్త ఎత్తి నొక్కాడు. మర్నాడు శుక్రవారం, మొదటి పేజీ నిండా ఆ బొమ్మ, పైన 'డెడ్!' అన్న ఒక్క మాట.

దీన్ని నువ్వు సాహసంగా రాశావు. సాహసమే కావచ్చు. కానీ పేజీని దగ్గరగా చూడు. బొమ్మ కదిలినట్టుంటుంది, మొహానికి ముసుగు ఉంటుంది, ఆ మసకే చూసేవాడిని భయపెడుతుంది. ఆమెకు చిన్న కూతురు ఉంది. ఆ శుక్రవారం పేపరు ఆ పిల్ల పెరిగిన నగరంలోనే అమ్ముడుపోయింది. ఈ వాక్యం నీ అధ్యాయంలో లేదు, ఉండాలి. కెమెరా ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, దాని బొమ్మ వేసుకో. ఆమె ఫోటోను మాత్రం అట్ట మీద వెయ్యకు. పబ్లిషర్ అడుగుతాడు, ఒప్పుకోకు.

ప్రత్యర్థుల గురించి ఒక్క అధ్యాయం చాలు. 1924లోనే న్యూయార్క్‌లో పత్రికాధిపతి హెర్స్ట్ 'డైలీ మిర్రర్' (లండన్‌ది వేరు), మెక్‌ఫాడెన్ 'ఈవినింగ్ గ్రాఫిక్' వచ్చాయి. ఫోటో దొరకనిచోట నటులను నిలబెట్టి తీసి, తలలు అతికించి 'కంపోజోగ్రాఫ్' పేరుతో అచ్చేసింది 'గ్రాఫిక్'. అది 1932లో మూతపడింది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకు. టాబ్లాయిడ్ అన్న మాట తిట్టుగా మారడంలో 'గ్రాఫిక్' వాటా పెద్దది.

అంకెల దగ్గరికి వద్దాం. 'న్యూస్' సర్క్యులేషన్ 1947లో శిఖరానికి చేరింది: రోజూ సుమారు 24 లక్షలు, ఆదివారం సుమారు 47 లక్షలు. నువ్వు '2.4 కోట్లు' అన్నావు. మిలియన్ అంటే పది లక్షలు. ఇలాంటి పొరపాటు ఒకటి దొర్లితే మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి. రోజువారీ అంకె, ఆదివారం అంకె కలిపి సగటు తీయకు, అవి రెండు వేర్వేరు వ్యాపారాలు. ఎంత అమ్ముడైందన్నది సగం కథే, ఎవరికి అమ్ముడైందన్నది మిగతా సగం. తొలి రోజుల్లో పెద్ద దుకాణాలు ఈ పేపరుకు ప్రకటనలు ఇవ్వడానికి వెనకాడాయి, దీన్ని చదివేవాళ్ళ దగ్గర డబ్బుండదని వాటి నమ్మకం. అందుకే 1920 దశకంలో 'టెల్ ఇట్ టు స్వీనీ' అని ప్రకటనకర్తలకే ప్రకటనలు వేసింది. స్వీనీ అంటే సామాన్యపు ఐరిష్ ఇంటిపేరు. అతనికి అర్థమయ్యేట్టు చెబితే గొప్పింటివాళ్ళకూ అర్థమవుతుందని దాని సారం. ఈ ప్రకటనల వరస మీద ఇరవై పేజీలు రాసినా ఎక్కువ కాదు. మీ పేపరు ఎవరిదని అడిగితే అది ఏం జవాబు చెప్పిందో అందులో ఉంది. అమ్మకమే ఆయుష్షు కాదనడానికి 'మిర్రర్' ఉదాహరణ తీసుకో. న్యూయార్క్ పేపర్లలో 114 రోజుల సమ్మె 1963 మార్చి ఆఖరుకు ముగిసింది, అక్టోబరులో 'మిర్రర్' ఆగిపోయింది. అప్పటికి ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడవుతోంది. ప్రకటనలు చాలలేదు.

1975 అక్టోబరు 30 సంచికలోని 'ఫోర్డ్ టు సిటీ: డ్రాప్ డెడ్' శీర్షికకు నువ్వు 'నగరం చచ్చిపోవాలన్న అధ్యక్షుడు' అని తెలుగు చేశావు. రెండు తప్పులు. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ ఆ మాట అనలేదు. దివాలా అంచున ఉన్న న్యూయార్క్‌ను గట్టెక్కించే ఏ బిల్లునైనా వీటో చేస్తానని ముందురోజు వాషింగ్టన్‌లో ఉపన్యసించాడు. దాన్ని ఆ రెండు మాటల్లోకి కుదించింది డెస్క్. వీటో సంగతి కిందే ఉపశీర్షికలో ఉంది, దాన్ని కూడా చూపించు. రెండోది, అది ఆజ్ఞ, వార్తావాక్యం కాదు. 'నగరంతో ఫోర్డ్: పోయి చావు' అంటే దగ్గరవుతుంది. 'చావు' అనాలా 'చావండి' అనాలా అన్నది ఇంగ్లీషులో లేని చిక్కు. నేనైతే 'చావు' అంటాను. ఆ శీర్షికలో నగరాన్ని ఒక మనిషిని చేసి వీధిలో తిట్టించారు, మర్యాదవాచకం పెడితే ఆ దెబ్బ పోతుంది. ఫోర్డ్ ఆ డిసెంబరులోనే నగరానికి అప్పులిచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓడిపోయాడు. శీర్షికే ఓడించిందని రాయకు, వరసగా చెప్పి ఊరుకో.

యజమానుల వెంట పడి సమ్మెలను నాలుగు లైన్లలో తేల్చేశావు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. 1990 అక్టోబరు 25న మొదలైన సమ్మెలో పది యూనియన్లలో తొమ్మిది దిగాయి. యాజమాన్యం బయటివాళ్ళతో పేపరు అచ్చు వేయించగలిగింది, అమ్మించలేకపోయింది. స్టాళ్ళవాళ్ళు దాన్ని పెట్టడం మానేశారు, కొందరు భయంతో, కొందరు సమ్మె మీద అభిమానంతో. చివరికి ఇల్లూవాకిలీ లేనివాళ్ళ చేతికి కట్టలిచ్చి సబ్‌వేలో అమ్మించారు. లారీ డ్రైవరూ, స్టాలువాడూ లేకపోతే అచ్చయినది కాగితం మాత్రమే, పేపరు కాదు. అయిదు నెలల తర్వాత బ్రిటన్ పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ పేపరును తీసుకున్నాడు. తీసుకున్నందుకు ఆయనకే అప్పటిదాకా యజమాని అయిన ట్రిబ్యూన్ కంపెనీ ఆరు కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ నవంబరులో ఆయన చనిపోయాడు, డిసెంబరులో పేపరు దివాలా రక్షణ కోరింది, 1993లో మోర్ట్ జుకర్‌మన్ చేతికి వచ్చింది.

2017 సెప్టెంబరులో ఒక్క డాలరుకు అమ్ముడైందని నువ్వు రాసి అక్కడితో వదిలేశావు. ఆ డాలరుతోపాటు, కొనుక్కున్న ట్రాంక్ కంపెనీ నెత్తిన పడ్డ బాధ్యతలు రాయి. దానికి దక్కిన జెర్సీ సిటీ ప్రెస్సూ, ప్రెస్సున్న పాతిక ఎకరాల్లో 49.9 శాతం వాటా కూడా రాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో 'న్యూస్', ప్రొపబ్లికా అనే వార్తాసంస్థ కలిసి ప్రజాసేవ విభాగంలో పులిట్జర్ బహుమతి గెలిచాయి. న్యూయార్క్ పోలీసులు ఒక పాత చట్టాన్ని పట్టుకుని వందలాది మందిని, ఎక్కువగా పేదలను, ఇళ్ళలోంచి వెళ్ళగొట్టిస్తున్న సంగతి బయటపెట్టినందుకు. మరుసటి ఏడాది జులైలో సంపాదక సిబ్బందిలో సగం మందిని తీసేశారు. 2020లో ఆఫీసే మూసేశారు. ఈ నాలుగు తేదీలూ ఒకే పేరాలో ఉండాలి. నీ అధ్యాయంలో పులిట్జర్ ఊసే లేదు.

లైబ్రరీ నుంచి బయటికొచ్చి 42వ వీధి వెంట తూర్పుకు నడిస్తే సెకండ్ ఎవెన్యూ చేరకముందే 220 నంబరు భవనం వస్తుంది. 1930లో పూర్తయిన 'న్యూస్' పాత ఇల్లు. లోపల పన్నెండడుగుల భూగోళం ఉంది, అందరూ దాన్నే ఫోటో తీసుకుంటారు. నువ్వు గుమ్మం పైనున్న రాతిచెక్కడం చూడు. వీధిలో నడిచే మామూలు జనం, వాళ్ళ మీద 'హీ మేడ్ సో మెనీ ఆఫ్ దెమ్' అన్న అక్షరాలు. దేవుడు సామాన్యులను ప్రేమించి ఉండాలి, లేకపోతే ఇంతమందిని పుట్టించడు అని లింకన్ పేరుతో చెప్పుకునే మాటలో సగం అది. అక్కడ నిలబడి, ఆ రాతిలో ఎవరెవరున్నారో, ఏ బట్టల్లో ఉన్నారో, చేతుల్లో ఏముందో ఒక్కొక్కటీ రాసుకో.

అధ్యాయం తిరగరాయడానికి తొందరేం లేదు. ముందు 1920, 1925, 1930 సంచికల పట్టిక పంపు. ఎడిషన్ గడి నింపి పంపు.

నీ శ్రేయోభిలాషి