పరీక్ష కంటే ముందు అండాల పక్వత గురించి అడగండి

36 ఏళ్ల వయసులో ఐవీఎఫ్‌కు వెళుతున్నప్పుడు పిండాలకు జన్యు పరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలా అని మీరు అడిగారు. ఇంచుమించు అదే వయసులో హైదరాబాదులో ఆ చికిత్స తీసుకున్నాను కనుక నా అభిప్రాయం చెబుతున్నాను. తప్పనిసరి కాదు. పైగా దానికంటే ముందు మీరు అడగవలసింది, తీసిన అండాల్లో పక్వమైనవి ఎన్ని అన్నది.

మా ఆసుపత్రి కౌన్సెలర్ మొదటి రోజే పీజీటీ-ఏ, అంటే పిండాల్లో క్రోమోజోముల లెక్క చూసే జన్యు పరీక్ష ఖర్చును ప్యాకేజీలో కలిపి చూపించారు గానీ, అండాల పక్వత గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. అది నాకు తెలిసింది అండాలు తీసిన మరునాడు, ల్యాబులో అండాలను, పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు మా ఇద్దరినీ కూర్చోబెట్టి కంప్యూటరు తెర మీద ఫొటోలు చూపించినప్పుడు. మొదటి అండం మధ్యలో గుండ్రని కేంద్రకం ఇంకా కనిపిస్తూనే ఉంది. అది పూర్తిగా అపక్వం. రెండో దానిలో కేంద్రకం కరిగిపోయింది గానీ, మరేమీ జరగలేదు. మూడో అండం అంచున మాత్రం ఆవగింజలాంటి చిన్న కణం ఒకటి అంటుకుని ఉంది. సగం క్రోమోజోములను అండం బయటికి పంపేసిందనడానికి ఆ కణమే గుర్తని, ఇక్సీకి, అంటే ఒక్కో అండంలోకి ఒక శుక్రకణాన్ని సూదితో పంపే పద్ధతికి, అలాంటి అండాలే పనికివస్తాయని ఆమె ఓపికగా వివరించారు. నావాటిలో దాదాపు సగం ఆ దశకు చేరనే లేదు. పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం చాలావరకు అండం పక్వమయ్యే ఈ విభజనలోనే మొదలవుతుందని, వయసు పెరిగేకొద్దీ అది ఎక్కువవుతుందని కూడా ఆమె చెప్పారు. అంత ముఖ్యమైన విషయం డబ్బు కట్టకముందే చెప్పి ఉండవలసింది.

అందుకే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌ను మామూలు సూదిగా చూడవద్దంటాను. అండం చివరి పక్వతకు చేరేది దానితోనే. అండాలను సాధారణంగా ఆ తరువాత 34 నుంచి 36 గంటల మధ్య తీస్తారు. సూది ఆలస్యమైతే అండాలు పక్వం కాకుండానే చేతికి వస్తాయి. వేసిన సమయాన్ని కాగితం మీద రాయించుకోండి.

ఇక పరీక్ష సంగతి. అయిదో రోజు లేదా ఆరో రోజు పిండం బయటి పొర నుంచి, అంటే తరువాత మాయగా మారే భాగం నుంచి, కొన్ని కణాలను తీసి పరీక్షిస్తారు. ఈ పరీక్ష మన దగ్గర ఉన్న పిండాల్లోంచి ఎంపిక చేస్తుందే తప్ప మంచి పిండాన్ని తయారు చేయదు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన చైనా అధ్యయనంలో, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ మంచి పిండాలున్న 20 నుంచి 37 ఏళ్ల స్త్రీలు 1,212 మంది పాల్గొన్నారు. పరీక్ష చేయించినవారిలో 77.2 శాతం మందికి, చేయించనివారిలో 81.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మీ వయసు ఆ పరిధిలోనే ఉంది కనుక, నా దృష్టిలో ఈ వాదన ఇక్కడితో ముగిసింది.

భార్యాభర్తలిద్దరూ తలసీమియా వాహకులైతే మాత్రం నా సలహా పూర్తిగా మారుతుంది. ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది కనుక, ఆ ఒక్క జన్యువును వెతికే పీజీటీ-ఎం పరీక్షకు అప్పు చేసైనా వెళ్లమంటాను. మా బంధువుల్లో కొందరు ఈ పరీక్షతో ఆడో మగో తెలుస్తుంది కదా అని అడిగారు. అలా తెలుసుకుని ఎంచుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం, ఆ మాట అడగడమే నాకు బాధ కలిగించింది.

ఒకవేళ పరీక్షకే నిశ్చయించుకుంటే, కొన్ని కణాలు సరిగా, కొన్ని తేడాగా ఉన్న మొజాయిక్ పిండాలను ఏం చేస్తారో సంతకానికి ముందే అడగండి. అలాంటి పిండాల నుంచి ఆరోగ్యవంతులైన బిడ్డలు పుట్టారని 2015లోనే ఇటలీ వైద్యులు ప్రకటించారు. మాకు ఇచ్చిన అంగీకార పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది, మొజాయిక్ పిండాల ప్రస్తావన చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మీరు దాన్ని తెలుగులో చదివి వినిపించమని పట్టుబట్టండి.