డ్రైసూట్‌లోకి తడి ఎక్కడి నుంచి వచ్చింది?

"బాబాయ్, డ్రైసూట్ వేసుకుని దిగాను. పైకి వచ్చేసరికి లోపలి బనియన్ తడిసి ముద్దయింది, చలికి పళ్లు టకటకలాడాయి. అద్దెకిచ్చినవాళ్లు నాకు చిరుగు సూట్ అంటగట్టారా?" బరంపురంలో మా వీధివాడే, బెర్గెన్ చేరి ఏడాది కాలేదు. ఇరవై ఏళ్లుగా నార్వేలో ఉన్నవాణ్ని కాబట్టి ఇలాంటి సందేహాలన్నీ నాకే వస్తాయి. చల్లటి సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లు నీరు లోపలికి రాకుండా ఒంటినిండా తొడుక్కునేదే డ్రైసూట్. ఇదే ప్రశ్న ఇంకొందరికీ ఉంటుందని వివరంగా రాస్తున్నాను.

సెలవు మీద ఊరికి వచ్చి మొన్న గోపాలపూర్ వెళ్లాను. తెల్లవారకముందే నోలియాలు, అంటే అక్కడి జాలర్లు, తలకు తువ్వాలు చుట్టుకుని పడవలు తోస్తున్నారు. తడిస్తే ఆరబెట్టడానికి అక్కడ ఎండ ఉంది. బెర్గెన్‌లో చలికాలపు సముద్రం ఆరేడు డిగ్రీలు. పైగా గాలికంటే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది.

ఎక్కడ తడిసిందో ముందు చూసుకో, బాబూ. మణికట్టు నుంచి మోచేతి దాకా అయితే చేతి సీల్, అంటే నీరు చొరకుండా బిగుతుగా పట్టే అంచు, కారింది. ఛాతీ, వీపు అయితే మెడ సీలో, జిప్పో. ఎక్కడా ధార లేకుండా ఒళ్లంతా ఒకే రకంగా చెమ్మగా ఉంటే అది సముద్రం నీరు కాదు, నీ చెమటే. ఫోనులో నేను అడిగింది ఒకటే: "బనియన్ ఏ గుడ్డ?" నూలుదట! అమ్మ సర్ది పంపిన అరడజనులో ఒకటి. అది తొడిగి, దాని మీద దళసరి అండర్‌సూట్, దాని మీద సూట్ బిగించి, సిలిండర్, సీసం బరువులు మోసుకుంటూ పావుగంట నడిచాడు. నీళ్లలో దిగకముందే తడిశాడు. నూలు ఆ తడిని పట్టుకుని వదలదు. ఒంటికి ఆనే పొర ఊలుదో పాలియెస్టర్‌దో కావాలి. ఊలు కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. సూట్ జిప్పు కూడా ఒడ్డు దగ్గరికి చేరాకే వేసుకో.

అద్దెకు దొరికే పలచని పొరల సూట్ వానకోటు లాంటిదే, దానికి సొంత వెచ్చదనం లేదు. అండర్‌సూట్‌లో నిలిచిన గాలే దుప్పటి. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఆ గాలి సగానికి నలిగి సూట్ ఒంటిని నొక్కేస్తుంది. కొత్తవాళ్లు గాలి ఎక్కించడానికి పిసినారితనం చూపి వణుకుతారు. గాలి ఎక్కించే ఛాతీ మీది వాల్వ్ కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. ఎడమ మోచేయి ఎత్తి భుజం దగ్గరి వాల్వ్‌లోంచి వదలకపోతే బుడగలా పైకి తన్నుకొస్తావు, అది ప్రాణం మీదికి తెస్తుంది. గాలి పాదాల్లోకి చేరితే తలకిందులవుతావు. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు. డ్రైసూట్ శిక్షణ తీసుకుని, శిక్షకుడి పక్కన లోతులేని చోట నాలుగైదుసార్లు చెయ్యి.

ఇక సీల్ సంగతి. ఆవకాయ జాడీకి వాసెన కట్టడం చూశావుగా, మడత ఒక్కటి సరిగ్గా పడకపోతే చాలు. నా మొదటి చలికాలంలో కుడి చెయ్యి రోజూ తడిసేది. సీల్ మార్చాను, సూట్ మార్చాను, దుకాణంవాడితో గొడవపడ్డాను. చివరికి చూస్తే, ఠాకురాణి గుడిలో అమ్మ కట్టిన ఎర్ర దారం సీల్ కింద ఉంది. వత్తిలో నూనె పాకినట్టు దాని వెంట నీరు పాకుతోంది! అప్పటి నుంచి దాన్ని జబ్బకు కట్టుకుంటున్నాను. వాచీ, ఉంగరం, మెడ సీల్ కింద ఇరుక్కున్న వెంట్రుకలు, బనియన్ అంచు, అన్నీ ఇంతే. మణికట్టు నరాలు ఉబ్బేలా టార్చిని గట్టిగా పట్టుకున్నా వాటి మధ్య సందులు పడతాయి. గోళ్లు కత్తిరించుకో, లేటెక్స్ సీల్‌కు వాసన లేని పౌడర్ రాసి తొడుగు. జిప్పు చివరిదాకా పడిందో లేదో పక్కవాడిని చూడమను.

ఎవరూ అడగనిది ఒకటుంది. మూత్రం వస్తుందని భయపడి పొద్దున్నుంచి మంచినీళ్లు మానేస్తారు మనవాళ్లు. చల్లటి నీళ్లలో మూత్రం ఎలాగూ ఎక్కువే వస్తుంది, ఒంట్లో నీరు తగ్గడం డైవర్‌కు మంచిది కాదు. పెద్దవాళ్ల డైపర్ కట్టుకో, సిగ్గుపడకు. అక్కడ చాలామంది కట్టుకునేదే.

నెలాఖరుకు తిరిగి వస్తున్నాను. నా పాత ఊలు బనియన్లు రెండు నీకు సరిపోతాయి, తీసుకో. వదిన నిన్న వచ్చి అప్పడాలు, ఆవకాయ, ఇంకో అరడజను నూలు బనియన్లు ఇచ్చి వెళ్లింది. అప్పడాలు, ఆవకాయ తెస్తాను.